రెండేళ్ల ఆర్టికల్‌షిప్: ఆడిట్ పనిలోంచి సీఏ ఫైనల్ చదువు రాబట్టడం

2023 జూలై 1న సీఏ ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) కొత్త విద్యా, శిక్షణ విధానం అమల్లోకి వచ్చాక సీఏ ఆర్టికల్‌షిప్ (ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర విద్యార్థి చేసే శిక్షణ) మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. విద్యార్థికి ఒక ఏడాది కలిసొచ్చిందనే అందరూ అన్నారు. పోయిందేమిటో ఆడిట్ ఆఫీసుల్లోని సీనియర్లకు తెలుసు. పాత పద్ధతిలో ఒకే క్లయింటు ఆడిట్ మూడుసార్లు చేతికొచ్చేది. మొదటి ఏడాది చెప్పిన పని చేసేవారు, రెండో ఏడాది ఆ పని ఎందుకో తెలిసేది, మూడో ఏడాది క్లయింటు అకౌంటెంటును నిలదీసే ధైర్యం వచ్చేది. ఇప్పుడు వచ్చేది రెండుసార్లే. అంటే మొదటి ఏడాదిలోనే ‘ఎందుకు’ తెలియాలి. ఆ తెలియడం ఆఫీసులో పెట్టే వర్కింగ్ పేపర్ల (చేసిన ఆడిట్ పనిని రాసిపెట్టే కాగితాల) ద్వారా జరిగితే పనీ చదువూ ఒకే సమయంలో సాగుతాయి. లేకపోతే పగలు టిక్కులు కొట్టడం, రాత్రి అదే విషయాన్ని పుస్తకంలో కొత్తగా మొదలుపెట్టడం అవుతుంది.

చదువు మొత్తం ఆర్టికల్‌షిప్‌లోనే పూర్తి చేయాల్సిన అవసరం ఇప్పుడు లేదు. సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసై, ఐటీ, ఓరియెంటేషన్ కోర్సులు ముగించాకే ఆర్టికల్‌షిప్‌లో చేరాలి. అది పూర్తయ్యాక ఆరు నెలల చదువు గడువు ఉంటుంది, ఆ తర్వాతే ఫైనల్. పాత విధానంలో ఒక గ్రూపుతో చేరి, రెండో గ్రూపును ఆఫీసు నుంచే రాసినవాళ్లు పడ్డ బాధ ఇప్పుడు చాలావరకు తప్పింది. దానికి బదులు ఇంకో చిక్కు వచ్చింది. పరీక్ష దూరంగా కనిపిస్తుంది కాబట్టి రెండేళ్లూ పుస్తకం ముట్టకుండా గడిచిపోతాయి. ఆ తర్వాత ఆరు పేపర్లను ఆరు నెలల్లో మొదటి నుంచి చదవాలి. అది జరిగే పని కాదు.

చేరే తేదీ లెక్క

2025 నుంచి ఫైనల్ పరీక్షలు జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో, ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి. అందుకే చేరే తేదీకి ప్రాధాన్యం పెరిగింది. 2026 ఫిబ్రవరి మధ్యలో చేరినవారికి 2028 ఫిబ్రవరిలో శిక్షణ ముగుస్తుంది. ఆరు నెలల గడువు ఆగస్టులో తీరుతుంది, సెప్టెంబరు అటెంప్ట్ అందుతుంది. బ్యాంకు ఆడిట్లు మొదలయ్యాక వెళ్దాంలే అని ఏప్రిల్‌లో చేరితే గడువు 2028 అక్టోబరులో తీరుతుంది, అప్పుడు రాయగలిగేది 2029 జనవరిలో. రెండు నెలలు ఆలస్యంగా చేరినందుకు పరీక్ష నాలుగు నెలలు వెనక్కి పోతుంది.

సెలవులదీ ఇదే లెక్క. కొత్త విధానంలో ఏడాదికి 12 రోజులే, రెండేళ్లకు కలిపి 24. అంతకు మించి వాడిన రోజులను చివర్లో పనిచేసి పూడ్చాలి. ముగింపు తేదీ నెలాఖరుకు దగ్గరగా ఉంటే, ఇంట్లో పెళ్లికి వాడిన వారం రోజులు కూడా ఒక అటెంప్ట్‌ను దూరం చేయగలవు. చేరిన రోజునే ముగింపు తేదీ, ఆరు నెలల తేదీ, అందే అటెంప్ట్ మూడూ కాగితం మీద రాసుకుంటే తర్వాత చేతివేళ్లు మడిచి లెక్కపెట్టుకునే పని ఉండదు.

ఇంకొకటి ఫారం 103, అంటే ఆర్టికల్‌షిప్ నమోదు పత్రం. చేరిన 30 రోజుల్లో ఇది ఇన్‌స్టిట్యూట్‌కు చేరాలి. ప్రిన్సిపల్ సార్ (శిక్షణ ఇచ్చే సీఏ) పని ఒత్తిడిలో మరిచిపోవచ్చు, ఆయన ఆమోదం పోర్టల్‌లో ఆగిపోవచ్చు. గడువు దాటితే ఆలస్యానికి మాఫీ కోరాలి, రుసుము కట్టాలి. పోర్టల్‌లో చేరిన తేదీ సరిగ్గా పడిందో లేదో మొదటి నెలలోనే చూసుకోవడం విద్యార్థి పనే, ఆఫీసు వదిలేసిందని తర్వాత అనుకుని లాభం లేదు.

ఏ ఆఫీసు

మన దగ్గర ఎంఈసీ చదివి, సీఏ ఫౌండేషన్ రాసి, ఇరవై ఇరవై ఒకటో ఏట ఆర్టికల్‌షిప్‌లోకి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న పెద్ద సంస్థా, చిన్న ఆఫీసా అన్నది. పెద్ద సంస్థలో స్టయిపెండు బాగుంటుంది, డాక్యుమెంటేషన్ క్రమశిక్షణ అలవడుతుంది. కానీ ఒకే పెద్ద కంపెనీలో ఒకే పద్దు, ఉదాహరణకు స్థిరాస్తులు లేదా రాబడి, నెలల తరబడి చేయాల్సి రావచ్చు. చిన్న ఆఫీసులో ఇన్‌స్టిట్యూట్ నిర్ణయించిన కనీస స్టయిపెండుకు కాస్త అటూ ఇటూ మాత్రమే వస్తుంది. కానీ ట్రయల్ బ్యాలెన్స్ నుంచి సంతకం దాకా ఫైలు మొత్తం కళ్లముందు నడుస్తుంది, జీఎస్‌టీ నోటీసుకు జవాబు రాయడం కూడా నేర్చుకుంటారు. ఫైనల్ చదువుకు మధ్యరకం ఆఫీసే ఎక్కువ మందికి పనికొస్తుంది. కంపెనీ ఆడిట్లు కనీసం ఐదారు, బ్యాంకు బ్రాంచ్ ఆడిట్లు, ట్యాక్స్ ఆడిట్లు ఉన్న ఆఫీసు చాలు. చేరే ముందు స్టయిపెండు ఎంతని అడిగేవాళ్లు పదిమంది ఉంటే, కంపెనీ ఆడిట్లు ఎన్ని ఉన్నాయని అడిగేవారు ఒకరిద్దరు కూడా ఉండరు.

కాగితం మీద చేరి కోచింగ్‌కు పోయే ‘డమ్మీ’ ఆర్టికల్‌షిప్ నిబంధనల ప్రకారం తప్పు, దొరికితే విద్యార్థికీ ప్రిన్సిపల్‌కూ చర్యలు తప్పవు. దానికి తోడు ఫైనల్ ఆరో పేపరు పుస్తకం తెరిచి రాసే కేస్ స్టడీ. ఆఫీసు ముఖం చూడనివాడికి తెరిచిన పుస్తకంలో ఏ పేజీ కావాలో తెలియదు.

బ్రిటన్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ మీద ఆడిట్ సంస్థల్లో చేరే కుర్రాళ్లకు శిక్షణకు కేటాయించే గంటలు జీతం వచ్చే పనివేళల్లో భాగమే. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. చదువుకునే గంటను విద్యార్థే వెతుక్కోవాలి, అందుకే ఆఫీసు క్యాలెండరు ముందే తెలిసి ఉండాలి.

ఏడాది ఎలా నడుస్తుంది

ఏప్రిల్ మొదటి పక్షం బ్యాంకు బ్రాంచ్ ఆడిట్లకే సరిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా బ్రాంచిలోనే ఉండాల్సి వస్తుంది. మే, జూన్‌లలో టీడీఎస్ రిటర్నులు, ఆ తర్వాత కంపెనీల స్టాట్యుటరీ ఆడిట్లు. ట్యాక్స్ ఆడిట్ నివేదిక, కంపెనీ వార్షిక సమావేశం రెండింటికీ సెప్టెంబరు 30 గడువు కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో చదువు మాట ఎత్తనక్కర్లేదు. 2025లో జరిగినట్టు ట్యాక్స్ ఆడిట్ గడువు పొడిగిస్తే ఒత్తిడి అక్టోబరుకు పాకుతుంది. డిసెంబరు 31 లోపు జీఎస్‌టీ వార్షిక రిటర్నులు. జనవరి నుంచి మార్చి రెండో వారం దాకా కాస్త ఊపిరి ఆడుతుంది.

పుస్తకానికి నిజంగా దొరికేది నవంబరు, సంక్రాంతి నుంచి మార్చి మధ్య దాకా, మే చివరి వారాలు. ఇందులో మొదట ముగించాల్సినవి నాలుగు స్వీయ అధ్యయన మాడ్యూళ్లు. రెండు తప్పనిసరివి, రెండు ఎంచుకునేవి, ఒక్కోదానికి 50 శాతం రావాలి. ఫైనల్ రాయాలంటే ఇవన్నీ పాసై ఉండాలి. వీటిని చివరి ఆరు నెలల్లోకి నెట్టినవాళ్లు ఒక నెల దాకా పోగొట్టుకుంటారు. మొదటి ఏడాది జనవరి, మార్చి మధ్య రెండు, రెండో ఏడాది అదే కాలంలో రెండు రాస్తే సరిపోతుంది.

పేపర్లలో ఫైనాన్షియల్ రిపోర్టింగ్, ఆడిట్, అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ ఏటా పెద్దగా మారవు. ఆర్టికల్‌షిప్‌లో వీటినే చదవాలి. ప్రత్యక్ష పన్నులు, పరోక్ష పన్నులు ప్రతి ఫైనాన్స్ చట్టంతో మారుతాయి, పైగా 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల నంబర్లే మారిపోయాయి. రెండేళ్ల ముందు కంఠతా పట్టిన పన్ను నోట్సు పరీక్ష నాటికి పాతబడుతుంది. పన్నును ఆఫీసు పనిలో చూస్తూ పోయి, పుస్తకంగా చివరి ఆరు నెలల్లో చదవడం మేలు.

ముందురోజు రాత్రి 40 నిమిషాలు

రోజూ మూడు గంటలు చదవాలనే ప్రణాళికలు వారం దాటి నిలవవు. నిలిచే పద్ధతి వేరే ఉంది. రేపు చేయబోయే పనికి సంబంధించిన ఆడిటింగ్ స్టాండర్డును (ఎస్ఏ) ఈ రాత్రి చదవాలి. రేపు స్టాక్ లెక్కకు వెళ్తుంటే ఎస్ఏ 501. బ్యాంకు నిర్ధారణ లేఖలు పంపుతుంటే ఎస్ఏ 505. వోచర్లు ఎంపిక చేస్తుంటే ఎస్ఏ 530. నిష్పత్తులు, నిరుటితో పోలికలు చేస్తుంటే ఎస్ఏ 520. ఒక్కోటి పది ఇరవై పేజీలు, 40 నిమిషాలు చాలు. మర్నాడు సాయంత్రం ఫైలు మూసేముందు, చదివినదానికీ చేసినదానికీ తేడా ఎక్కడ వచ్చిందో రెండు వాక్యాలు రాసుకోవాలి. ఆ తేడాల చిట్టానే ఫైనల్ ఆడిట్ పేపరుకు అసలైన నోట్సు. పరీక్షలో అడిగేది స్టాండర్డ్ ఏమంటుందో అది. “ఆఫీసులో ఇలాగే చేస్తాం” అన్న జవాబుకు మార్కులు రావు. ఆడిట్‌లో రెండేళ్లు పనిచేసినవాళ్లు అదే పేపరులో తప్పడానికి ముఖ్యమైన కారణం ఇదే.

పని మీద ఇది ఎలా ఉంటుందో చూడాలంటే రైస్ మిల్లు స్టాక్ ఆడిట్‌ను మించింది లేదు. మిర్యాలగూడ వైపైనా, గోదావరి జిల్లాల్లోనైనా ఆఫీసు ఉంటే ఇది తప్పకుండా తగులుతుంది.

మిల్లు బ్యాంకులో తీసుకున్న క్యాష్ క్రెడిట్ అప్పుకు తనఖా స్టాకు. బ్యాంకు తరఫున దాన్ని లెక్కపెట్టడానికి ఆర్టికల్‌ను, అంటే శిక్షణలో ఉన్నవారిని, పంపుతారు. గోదాములో బస్తాలు పేర్చి ఉంటాయి: పొడవున 20, వెడల్పున 12, ఎత్తు 15 వరుసలు. గుణిస్తే 3,600 బస్తాలు. ఇక్కడే మొదటి తప్పు జరుగుతుంది. బస్తా ఎన్ని కిలోలదో అడగకుండా 75 కిలోలని వేసుకుంటే 2,700 క్వింటాళ్లు వస్తాయి. అది కొనుగోలు కేంద్రం నుంచి వచ్చిన 40 కిలోల బస్తా అయితే 1,440 క్వింటాళ్లే. తేడా 1,260 క్వింటాళ్లు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలతో లెక్కేసినా దాదాపు 30 లక్షలు. రెండో తప్పు గుట్ట మధ్యలో బోలుగా ఉండటాన్ని పట్టించుకోకపోవడం. చుట్టూ గోడలా పేర్చి నడుమ ఖాళీ వదిలేస్తే పక్కనుంచి కొలిచే లెక్క తప్పుతుంది. గుట్ట పైకెక్కి చూడాలి, లేదా పై వరుసల నుంచి కొన్ని బస్తాలు తీయించాలి. ఒకటి రెండు బస్తాలు కాటా వేయించి తేమ, తూకం నోట్ చేసుకోవాలి.

మూడో తప్పు వీటన్నిటికన్నా పెద్దది. గోదాములో ఉన్న ధాన్యమంతా మిల్లుది కాదు. కస్టమ్ మిల్లింగ్ కింద పౌర సరఫరాల సంస్థ ఇచ్చిన ధాన్యం ప్రభుత్వానిది. మిల్లు దాన్ని ఆడించి క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగి ఇవ్వాలి. ఆ ధాన్యాన్ని మిల్లు తన స్టాకు స్టేట్‌మెంటులో చూపిస్తే, ఇతరుల సరుకును బ్యాంకుకు తాకట్టు పెట్టినట్టే.

అంకెల్లో చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. మిల్లు చూపిన స్టాకు 80 లక్షలు, సరుకు ఇచ్చినవారికి బాకీ 20 లక్షలు అనుకుందాం. మిగిలిన 60 లక్షల మీద 25 శాతం మార్జిన్ తీస్తే 45 లక్షలు. రావాల్సిన బాకీలు 40 లక్షలు, 40 శాతం మార్జిన్ పోతే 24 లక్షలు. డ్రాయింగ్ పవర్, అంటే ఖాతాలో వాడుకోగల హద్దు, 69 లక్షలు. ఖాతాలో వాడుకున్నది 65 లక్షలు కాబట్టి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. స్టాకులో 30 లక్షలు ప్రభుత్వ ధాన్యమని తేలితే స్టాకు 50 లక్షలకు దిగుతుంది, బాకీ తీసి మార్జిన్ వేస్తే 22.5 లక్షలు, డ్రాయింగ్ పవర్ 46.5 లక్షలు. ఖాతా 18.5 లక్షలు హద్దు దాటినట్టు. ఆ స్థితి 90 రోజులకు మించి అలాగే సాగితే ఖాతా నిరర్ధక ఆస్తి (ఎన్‌పీఏ, వసూలు ఆగిన అప్పు) అవుతుంది.

ఇది పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పౌర సరఫరాల సంస్థ ఇచ్చిన ధాన్యం వివరాలు, బియ్యం అప్పగించిన రశీదులు, మిల్లు స్టాకు రిజిస్టరు ఈ మూడూ పక్కపక్కన పెట్టాలి. తవుడు, ఊక, నూకల అమ్మకాలు ఆడించిన ధాన్యానికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూడాలి. లెక్కపెట్టడం కూడా రెండు వైపులా చేయాలి: రిజిస్టరులోంచి కొన్ని తీసుకుని గోదాములో వెతకాలి, గోదాములోంచి కొన్ని తీసుకుని రిజిస్టరులో వెతకాలి. మొదటిది లేని సరుకు రాసిన తప్పును పట్టిస్తుంది, రెండోది ఉన్న సరుకు రాయని తప్పును. వెళ్లిన రోజుకు ముందు చివరి ఐదు లోడింగ్ చీటీలు, చివరి ఐదు కాటా చీటీల నంబర్లు రాసుకోకపోతే ఆ లెక్క ఏ క్షణానికి సంబంధించినదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

బ్యాంకు బ్రాంచిలో

మన పల్లె బ్రాంచిల్లో అప్పుల పుస్తకం నిండా పంట రుణాలు, బంగారు రుణాలే. మామూలు అప్పుకు వర్తించే 90 రోజుల లెక్కను పంట రుణాలకు వేయడం కొత్త ఆర్టికల్స్ తరచూ చేసే తప్పు. స్వల్పకాలిక పంటల అప్పు రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటల అప్పు ఒక పంట కాలం దాటి బకాయి పడితేనే నిరర్ధక ఆస్తి. ఆ జిల్లాలో ఏ పంటకు ఏ కాలమో రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ నిర్ణయిస్తుంది. ఆ సర్క్యులర్ కాపీని బ్రాంచి మేనేజరు దగ్గర మొదటిరోజే అడగాలి.

మార్చి చివరి వారం ఎంట్రీలకు మాత్రం గంట ఎక్కువ కేటాయించాలి. పాత పంట రుణం మూసేయడం, అదే రోజు అదే రైతు పేరున అసలూ వడ్డీ కలిసిన మొత్తానికి కొత్త రుణం ఇవ్వడం కనిపిస్తే, అక్కడ డబ్బు చేతులు మారలేదన్నమాట. పుస్తకంలో సర్దుబాటు మాత్రమే జరిగింది. పాత ఖాతా తేదీతో చూస్తే అది నిరర్ధకమయ్యేదా కాదా అన్నది ప్రశ్న. మార్చి 25 నుంచి 31 వరకు మూసిన, తెరిచిన ఖాతాల జాబితాలు రెండూ తీసి ఖాతాదారు నంబరు మీద కలిపితే జంటలు బయటపడతాయి. స్టాకు స్టేట్‌మెంటు మూడు నెలల కన్నా పాతదైతే దాని ఆధారంగా ఇచ్చిన డబ్బు అక్రమమైనదిగా లెక్క. ఈ ఒక్క నియమం ఎంతమంది బ్రాంచి సిబ్బందిని ఏప్రిల్‌లో పరుగులు పెట్టిస్తుందో చూస్తేనే తెలుస్తుంది.

ఉత్తరం ఎవరి చేతి మీదుగా

బ్యాంకు నిల్వ నిర్ధారణను ఆర్టికల్స్‌కు మొదటివారమే అప్పగిస్తారు. అది అందరికీ చిన్నపనిగా కనిపిస్తుంది. లెటరు టైపు చేసి, క్లయింటు సంతకం తీసుకుని, ఆ క్లయింటు అకౌంటెంటు చేతికే ఇచ్చి “బ్యాంకుకు పంపండి, జవాబు వస్తే చెప్పండి” అనేస్తారు. ఆ ఒక్క మాటతో ఎస్ఏ 505 మొత్తం పక్కకు పోతుంది. సంతకం క్లయింటుదే కావాలి, కానీ చిరునామా సరిచూసేది, పంపేది, జవాబు అందుకునేది ఆడిటరే.

దీనికి హైదరాబాద్ కన్నా పెద్ద పాఠం ఇంకెక్కడా లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. 2011లో అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వులో ఆడిటర్లపై చెప్పిన ముఖ్యమైన లోపం ఒకటే: నిర్ధారణ లేఖలు పంపడం, అందుకోవడం కంపెనీ యాజమాన్యం చేతుల్లో పెట్టేశారని. ఇరవై ఏళ్ల ఆర్టికల్ చేతిలో ఉన్న కవరుకు అంత విలువ ఉంది. జవాబు మెయిల్‌లో వస్తే పంపినవారి చిరునామా బ్యాంకు డొమైన్‌దా కాదా చూడాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ల రశీదుల ఫొటోకాపీ నిర్ధారణ కాదు. ఆ డిపాజిట్ మీద లియన్ (అప్పుకు హామీగా బ్యాంకు పట్టి ఉంచే హక్కు) ఉందో లేదో కూడా లేఖలోనే అడగాలి. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

చిన్న అంకెలు

ట్యాక్స్ ఆడిట్లో దొరికే తప్పులు చాలావరకు నగదు పుస్తకంలోనే ఉంటాయి. ఒకే రోజు ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే, 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 40ఏ(3) కింద పన్ను లెక్కలో ఆ ఖర్చు మొత్తం ఒప్పుకోరు. లారీ అద్దెలకు ఆ హద్దు 35,000. అందుకే పుస్తకంలో 9,500, 9,800, 9,900 వోచర్లు వరుసగా కనిపిస్తాయి. ఒకే మేస్త్రీకి ఒకే రోజు మూడు హమాలీ వోచర్లుంటే, విడగొట్టినా లెక్క కలిపే చూస్తారు. ఎక్సెల్‌లో తేదీ, పేరు మీద కూడిక వేస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. పేర్లు “రాములు”, “బి. రాములు”, “రాములు మేస్త్రీ” అని మూడు రకాలుగా ఉంటే తేలదు కాబట్టి, ముందు పేర్లు ఒకటి చేసుకోవాలి.

ఉద్యోగుల పీఎఫ్ వాటా ప్రతి నెలా 15వ తేదీ లోపు కట్టాలి. ఒక్కరోజు దాటినా ఆ మొత్తం ఖర్చుగా పోదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెక్‌మేట్ కేసులో తేల్చింది. చలానా మీది తేదీ కాదు, డబ్బు జమైన తేదీ చూడాలి. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించకపోతే సెక్షన్ 43బీ(హెచ్) వర్తిస్తుంది, అంటే చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చును ఒప్పుకుంటారు. మధ్యతరహా సంస్థలకు ఇది వర్తించదు. సరఫరాదారు ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల నమోదు పత్రం) చూడకుండా జాబితా తయారుచేస్తే సగం తప్పే వస్తుంది. 2025-26 లెక్కల వరకు ఈ పాత సెక్షన్లే. ఆ తర్వాతి సంవత్సరాల ఫైళ్లలో కొత్త నంబర్లు రాయాలి, నిరుటి ఫైలు కాపీ చేస్తే దొరికిపోయేది ఇక్కడే.

కంపెనీ అయితే ఇంకొకటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఎంట్రీల్లో చేసిన మార్పుల చిట్టా) ఏడాది పొడుగునా పనిచేసిందా అని ఆడిటరు నివేదికలో చెప్పాలి. ట్యాలీలో ఇప్పుడు లాగ్ ఉందని చూసి సరే అనుకోకూడదు. ఏ రోజు నుంచి ఉందో చూసి, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ ఫైల్లో పెట్టాలి.

నోటు ఎలా రాయాలి

ఎస్ఏ 230 ఒక పరీక్ష పెడుతుంది: ఆ ఆడిట్‌తో సంబంధం లేని అనుభవజ్ఞుడైన ఆడిటరు కాగితం మాత్రమే చదివి, ఏం చేశారో, ఏం దొరికిందో, ఏమని తేల్చారో తెలుసుకోగలగాలి. ఆర్టికల్స్ మామూలుగా రాసే నోటు ఇలా ఉంటుంది: “రవాణా ఖర్చు వోచర్లు చూశాం, సరిపోయాయి.” ఇందులో ఎన్ని చూశారు, ఎలా ఎంచుకున్నారు, దేనితో పోల్చారు అన్నవేవీ లేవు.

అదే పనికి నిలబడే నోటు ఇలా ఉంటుంది: “రవాణా ఖర్చు 2025-26 లెడ్జరు మొత్తం 48,20,000. లక్ష దాటిన 14 వోచర్లు పూర్తిగా, మొత్తం 21,60,000. మిగిలిన 212లో 7వ దానితో మొదలుపెట్టి ప్రతి 15వది, మొత్తం 14. ఒక్కోదాన్ని లారీ రశీదు, ఈ-వే బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చాం. రెండింటికి లారీ రశీదు లేదు, క్వెరీ 6, 7. ఒక ట్రాన్స్‌పోర్టరుకు ఏడాదిలో 1,34,000 చెల్లింపు, టీడీఎస్ కోయలేదు, పాన్‌తో డిక్లరేషన్ లేదు. 30 శాతం, 40,200 ఒప్పుకోని ఖర్చుగా చూపాలి. రాసినవారు, తేదీ. చూసినవారు, తేదీ.” దీన్ని రాయడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. కానీ శాంప్లింగ్, ఆధారాలు, టీడీఎస్ హద్దులు, పది లారీలకు మించని యజమాని ఇచ్చే డిక్లరేషన్, తేల్చిన మాట అన్నీ ఆ పది నిమిషాల్లో ఒక్కసారిగా మెదడులోంచి పోయి వస్తాయి. ఫైనల్ జవాబుకు కావలసిన వరుస కూడా అదే: నియమం, వాస్తవం, తీర్పు.

నోటు పాడుచేసే అలవాట్లు మూడు. “క్లయింటు చెప్పారు” అన్నదాన్ని ఆధారంగా రాయడం. నిరుటి ఎక్సెల్ షీటు తెరిచి ఏడాది మాత్రం మార్చడం, దాంతో నిరుడు మూతపడ్డ బ్యాంకు ఖాతా కూడా ఈ ఏడాది ‘చూసినట్టు’ వస్తుంది. క్వెరీ లిస్టులో (క్లయింటును అడిగిన సందేహాల జాబితాలో) జవాబు రాకుండానే ‘క్లియర్’ అని కొట్టేయడం. ఆడిట్ నివేదిక తేదీ నుంచి 60 రోజుల్లో ఫైలు పూర్తిగా కూర్చి మూసేయాలి, తర్వాత అందులోంచి ఏదీ తీసేయకూడదు, ఏడేళ్లు ఉంచాలి. అంటే ఆర్టికల్ పేరూ సంతకమూ ఉన్న ఆ కాగితం, ఆయన సీఏ అయ్యాక కూడా ఆ ఆఫీసు బీరువాలోనే ఉంటుంది.

చివరి నెలల్లో

ఆఖరి ఏడాది కంపెనీలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు, 9 నుంచి 12 నెలలు, వెళ్లే వీలుంది. ఫైనాన్స్ ఉద్యోగం కావాలనుకునేవారికి అది దారి. ఆడిట్ పేపరు బలహీనంగా ఉన్నవారు మాత్రం ఆ రెండో ఏడాది సెప్టెంబరు సీజన్ ఆఫీసులోనే గడపడం మంచిది, అదే వాళ్లకు దొరికే రెండో అవకాశం. అడ్వాన్స్‌డ్ ఐటీ, మేనేజ్‌మెంట్ నైపుణ్యాల కోర్సులను ఫైనల్‌కు ముందే ముగించాలి. వీటి బ్యాచ్‌ల సీట్లు సెలవుల్లో త్వరగా నిండుతాయి.

ఫైనల్‌లో ప్రతి పేపరులో 40, గ్రూపు మొత్తంలో 50 శాతం రావాలి. ఒక పేపరులో 60 వస్తే దానికి ఎగ్జెంప్షన్, అంటే దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. ఆడిట్ ఆఫీసులో రెండేళ్లు గడిపినవారికి ఆ 60 ఆడిట్ పేపరులో రావాలి, మిగతా కష్టమైన పేపర్ల భారం అది కొంత మోస్తుంది.

శిక్షణ ముగిసే రోజు దగ్గరపడ్డప్పుడు తన చేతిలో ఉన్న ఫైళ్లలో తెరిచి ఉన్న క్వెరీలు, రావాల్సిన నిర్ధారణలు, క్లయింటు దగ్గరున్న ఒరిజినల్ కాగితాల జాబితాను జూనియర్‌కు రాతపూర్వకంగా అప్పగించాలి. ఆ తర్వాత ప్రిన్సిపల్ ఫారం 108ను, అంటే శిక్షణ పూర్తయిన పత్రాన్ని, ఆమోదిస్తారు. అందులో పడిన ముగింపు తేదీని, చేరిన రోజు రాసుకున్న తేదీతో పోల్చి చూడాలి. ఆరు నెలల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.